అమావాస్యకు మారే రింగు

ఇన్‌కమింగ్ కాల్‌కు డబ్బు పట్టడం మానేసిన తర్వాత వచ్చిన రెండో వేసవిలో మా ఇంటికి సెల్‌ఫోను వచ్చింది. మా అబ్బాయి బోరు లారీ మీద నెలల తరబడి ఊళ్ళు తిరిగేవాడు. ఫోను తెచ్చి చేతిలో పెట్టి మర్నాడే మళ్ళీ లారీ ఎక్కాడు. వాడు ఊరు దాటకముందే తెలిసింది, ఫోను ఉంది గాని సిగ్నల్ లేదని.

కోడలు దాన్ని పట్టుకుని వంటింటి నుంచి గొడ్ల కొట్టం దాకా తిరిగింది. చివరికి వీధి గది కిటికీలో, ఎడమ నుంచి మూడో ఊచ దగ్గర రెండు గీతలు కనిపించాయి. పాత జాకెట్టు గుడ్డతో సంచి కుట్టి ఆ ఊచకే వేలాడదీశాం. కిటికీకి ఎదురుగా, సందు అవతల కిరాణా కొట్టు. అలా ఫోను మాది, మోత మాత్రం కొట్టుకు వచ్చినవాళ్ళందరిదీ అయింది.

అప్పట్లో ఫోను కొన్నవాళ్ళెవరూ అందులో మాట్లాడేవాళ్ళు కాదు. మోగించి ఆపేసేవాళ్ళు. ఆ మోతకు ఇంటికో లెక్క. పక్కింట్లో ఒక రింగు అంటే అన్నం వండమని. ఆ పై ఇంట్లో ఒక రింగు అంటే వండొద్దు, తినే వస్తున్నానని. ఆ పై ఇంటి పిల్లను పక్కింటికి కోడలిగా తెచ్చుకున్నారు. పెళ్ళయిన మొదటి వారం పెళ్ళికొడుకు పని నుంచి వస్తూ రోజూ భక్తిగా ఒక రింగు ఇచ్చేవాడు, ఇంటికొచ్చి పస్తు పడుకునేవాడు. పెద్దలు కూర్చుని జాతకాలు మళ్ళీ తిరగేశారు. ఫోనును ఎవరూ అనుమానించలేదు.

ఊరంతటికీ ఒకే లెక్క ఉండాలని మహిళా సంఘం మీటింగులో నేను చెప్పాను. అందరూ అవునన్నారు. ఒకటే ఉండాలి, లేకపోతే ఊరు పాడవుతుందన్నారు. ఎవరిది అనే దగ్గరికి వచ్చేసరికి ప్రతి మనిషీ తనదే అంది. వాళ్ళలా అనడం మూర్ఖత్వం. నేను నాదే అనడంలో న్యాయముంది, ఎందుకంటే నాది ఆలోచించి కట్టిన లెక్క.

అందులో రెండే మాటలు. ఊరికి వెళ్ళిన మనిషి ఒక రింగు ఇస్తే, అక్కడే ఉండిపోతున్నాం, ఎదురుచూడొద్దని. రెండు రింగులిస్తే, అడ్డరోడ్డులో బస్సు దిగాం, బండి పంపమని. భద్రాచలం రోడ్డు మీద అడ్డరోడ్డు నుంచి మా ఊరికి అడవిలో మూడు మైళ్ళు. అక్కడ టీ హోటల్లో కాయిన్ బాక్సు ఫోను ఉండేది. ఇంట్లో ఎత్తకపోతే వేసిన బిళ్ళ తిరిగి కింద పడుతుంది. కాబట్టి మా ఇంట్లో ఇంకో నిబంధన, మోగేటప్పుడు ఫోను ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే లెక్క చెడుతుంది.

"ఎత్తి మాట్లాడితే అయిపోతది గద అత్తమ్మా. నోరున్నది మాట్లాడెటందుకే," అంది కోడలు. సౌకర్యం తప్ప పద్ధతి అక్కర్లేని వయసు.

మా ఆయనకు పద్ధతీ సౌకర్యమూ రెండూ అక్కర్లేదు, భద్రత కావాలి. ఆయన కలప చెక్‌పోస్టులో గార్డుగా చేసి రిటైరయ్యారు. గడ్డిమోపు కనిపిస్తే లోపల టేకు దుంగ ఉందేమోనని పొడిచి చూసే అలవాటు అప్పటికీ పోలేదు.

"ఎదురుంగ కొట్ల కూసున్నోడు రింగులు లెక్కపెడ్తనే ఉంటడు," అన్నారు. "నువ్వు రావట్లేదని తెలుస్తది, నేను పొలం కాడ ఉన్నట్టు తెలుస్తది. ఇగ ఇల్లు ఊడ్చుకపోవుడే."

"బండి ఉన్నది కొట్టు అతనికే. మనం అడిగేదే అతన్ని," అన్నాను.

"అడిగితె అడుగుదం. ఎందుకు అడుగుతున్నమో తెల్వొద్దు."

అందుకని ప్రతి అమావాస్యకూ లెక్క తిరగబడేట్టు ఏర్పాటు చేశారు. ఒక నెల రెండు రింగులకు బండి, మరుసటి నెల ఒక రింగుకే బండి. ఇది దొంగకు అంతుపట్టదట. ఈ సంగతి కిటికీ దగ్గరే నిలబడి, కోడలికి సరిగా వినబడాలని గట్టిగా చెప్పారు.

అలా కొన్ని నెలలు సాగింది. మరుసటి ఏడు ఇప్పపువ్వు రాలే రోజుల్లో మా ఆడబిడ్డకు ఖమ్మంలో కంటి ఆపరేషన్ అయింది. ఆమె మా ఆయనకు అక్క, భర్త పోయిన దగ్గర్నుంచి మా ఇంట్లోనే ఉండేది. ఒక కంట్లో శుక్లం తీశారు, రెండో కంట్లో శుక్లం అలాగే ఉంది. కన్ను మూసి కట్టు కట్టి, పైన నల్లద్దాలు పెట్టి పంపారు. వంగొద్దు, దుమ్ము తగలొద్దు, కుదుపు తగలొద్దు, తగిలితే కన్ను దక్కదని డాక్టరు నాకు చెప్పాడు. ఆమెకు చెప్పినా లాభం లేదని అతనికి ఒక్క రోజులోనే అర్థమైంది.

మధ్యాహ్నం బయల్దేరితే తల్లాడ దగ్గర బస్సు టైరు పంచరయింది. అడ్డరోడ్డులో దిగేసరికి పొద్దు గుంకుతోంది. నేను కాయిన్ బాక్సు దగ్గరికి వెళ్ళి ఒక్క రింగు ఇచ్చి ఆపేశాను. ఎందుకు ఒకటంటే, ఆస్పత్రి గోడ మీది క్యాలెండరులో ఆ రోజు గడి చూశాను. చతుర్దశి మధ్యాహ్నం రెండింటి దాకా అని చిన్న అక్షరాల్లో ఉంది. రెండు దాటగానే అమావాస్య. లెక్క తిరగబడింది. ఒక రింగు అంటే బండి. ఇందులో పొరపాటు ఎక్కడుందో ఈ రోజుకీ ఎవరూ చూపించలేకపోయారు.

బండి రాలేదు.

హోటలతను బెంచీలు లోపల వేసుకుంటూ మమ్మల్ని రెండుసార్లు చూశాడు. "ఏందమ్మా, మీవోళ్ళు రాలె? ఇప్పపువ్వు రాలుతుంది. పొద్దుగూకితె చెట్ల కిందికి గుడ్డెలుగులొస్తయ్. నడిచి మాత్రం పోకున్రి. నేనయితె కట్టేసుకొని పోవాలె."

నిబంధన నేనే పెట్టినా, వదిన కన్ను కోసం దాన్ని దాటి ఈసారి ఫోను ఆగకుండా మోగించాను. మోగి మోగి అదే ఆగిపోయింది. బిళ్ళ తిరిగి కింద పడింది. మళ్ళీ చేశాను, స్విచాఫ్ అని వచ్చింది. హోటలతను తాళం వేసి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఇంట్లో ఏం జరిగిందో తర్వాత కోడలు చెప్పింది. ఒక్క రింగు విని మా ఆయన, "ఉండిపోయిన్రు. మంచిదాయె, పట్నంల డాక్టరు దగ్గరనే ఉంటరు," అని కాళ్ళు కడుక్కున్నారట. కొద్దిసేపటికి ఫోను ఆగకుండా మోగేసరికి ఉలిక్కిపడ్డారు. అన్ని రింగులు మా లెక్కలో లేవు.

"అత్తమ్మనే కావొచ్చు, ఎత్తుదమా మామయ్యా?" అందట కోడలు.

"ఎత్తొద్దు. ఇంట్ల మనుషులున్నరా లేరా అని దొంగ చూస్తుండు. ఎత్తితె ఉన్నట్టు తెలుస్తది."

"ఉన్నట్టు తెలిస్తె రాడు గద మామయ్యా."

ఈ మాటకు ఆయన చాలాసేపు ఆలోచించి, ఫోను ఆపు చేయించి, వీధి తలుపు గడియ వేశారట.

ఇక్కడ హోటల్ అరుగు మీద వదిన నల్లద్దాలతో అడవి వైపు తిరిగి కూర్చుంది. ఆమెకు చీకటి పడిందో లేదో కూడా తెలియదు. గాలి లేస్తే దుమ్ము పడుతుందని నా కొంగు తీసి ఆమె ముఖానికి చుట్టాను. దూరంగా ఎండాకుల మీద ఏదో నడిచిన చప్పుడైంది.

"ఏందే మరదలా అది?"

"గొడ్డు, వదినా."

"గొడ్డో గుడ్డెలుగో. దానికి గూడ నీ లెక్క చెప్పరాదే. ఒక్కసారి గుర్రుమంటె పొమ్మని, రెండుసార్లంటె రమ్మని."

"నవ్వకు, కంటికి కుదుపు."

"నా తమ్ముడు కొంప కాస్తుండు, నువ్వు రింగులు కాస్తున్నవు. ఈ కన్నొక్కటి ఎవరు కాయాలె?"

చప్పుడు మరి కొంచెం దగ్గరికి వచ్చింది. నడిపిస్తే ఆమె రాయి తగిలి పడుతుంది, ఉంటే ఇది. ఆమె చెయ్యి పట్టుకుని, గోడకు ఆనించి కూర్చోబెట్టి, నేను ముందు నిలబడ్డాను. అంతలో ఊరి దారిలో ఒంటి దీపం కనిపించింది, ఆ వెనక ట్రాలీ ఆటో మోత. చప్పుడు చేసింది ఏదైనా, ఆ మోతకు అడవిలోకి మళ్ళింది.

బండిలో ఉన్నది కిరాణా కొట్టు అతనొక్కడే.

"ఎక్కుండ్రి పెద్దమ్మా, జల్దీ. కుదుపు తగలకుండ గడ్డేసి గోనెసంచులు పరిచిన."

"మా ఆయన పంపారా?" అని అడిగాను.

"ఆయన తలుపేస్కున్నడు. ఒక్క రింగొచ్చి ఆగింది గద. మద్దినాలమే అమావాస్య వచ్చె. ఇగ ఒక్కటంటె బండే గద? పెద్దయ్య వస్తడేమోనని చూసిన, రాలె. నేనే ఎల్లొచ్చిన."

"నీకెవరు చెప్పారు?"

"చెప్పుడేందమ్మా? ఒక నెల ఒక్కటి మోగంగనే బండడుగుతడు, ఇంకో నెల రెండు మోగితె అడుగుతడు. మా చిన్నపిల్లకు గూడ తెలుసు."

అడవి దారంతా అతను నడకకన్నా మెల్లగా నడిపాడు. గుంట వచ్చిన ప్రతిచోటా ముందే కేకేసి చెప్పాడు. వదిన తలను నా ఒళ్ళో పెట్టుకున్నాను.

ఇంటి దగ్గర తలుపు తీయించడానికి మరికొంత సమయం పట్టింది. మా ఆయన లాంతరు పైకెత్తి అక్కను చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఒక్క రింగెందుకిచ్చినవు? ఇయ్యాల చతుర్దశి."

"రెండింటి దాకే."

"పొద్దు పొడిచినప్పుడు ఏ తిథి ఉంటె దినమంత అదే. మా నాయిన గట్లనే జేసిండు."

"మీ నాయన దగ్గర ఫోను లేదు," అన్నాను.

ఆయన నన్ను వదిలి కొట్టు అతని మీద లాంతరు పెట్టారు. "నీకెట్ల తెలిసింది?" అన్నారు. అతను చెప్పాడు. మా ఆయన ముఖంలో మొదట కనిపించింది కృతజ్ఞత కాదు. ఇన్ని నెలల కాపలాలో మొదటిసారి దొంగ దొరికాడన్న తృప్తి.

వదిన మంచం మీద నుంచే మాట్లాడింది. "తమ్ముడా, ఆ పిలగానికి మంచినీళ్ళియ్యి. రేపటి సంది ఫోనెత్తు. ఎత్తకపోతె రెండో కన్నుకు నేను ఆపరేషన్ జేయించుకోను. గుడ్డిదాన్నయి నీ ఇంట్లనే పడుంటా."

అక్క మాట ఆయనెప్పుడూ తీసేయలేదు. మర్నాటి నుంచి ఫోను మోగగానే ఎత్తేవారు. ఎత్తి, "ఎవరు? ఎందుకు జేసినవు? పైసలు పోతయ్, పెట్టెయ్," అని ఆయనే పెట్టేసేవారు. మా మిస్డ్ కాల్ అంతకన్నా ఎక్కువసేపు మోగేది. ఒకసారి మా అబ్బాయి మూడుసార్లు చేసి, మూడోసారి "నాయినా" అన్న మాట దాకా రాగలిగాడు.

కొద్దిరోజులకు, నిజంగా చెప్పే సంగతి ఉన్నవాళ్ళంతా కిరాణా కొట్టుకు ఫోను చేయడం మొదలుపెట్టారు. అతను సందు దాటి వచ్చి, కిటికీ ఊచలు పట్టుకుని మాకు వినిపించేవాడు. వదిన కన్ను చక్కగా కుదుటపడింది. రెండో కంటికి ఖమ్మం ఎప్పుడు రావాలో కూడా అలా కిటికీలోంచే తెలిసింది. ఆ రోజు మేమిద్దరం ఇంట్లో ఉండబోమని కొట్టు దగ్గరున్న వాళ్ళందరూ విన్నారు. సాయంత్రం అడ్డరోడ్డుకు బండి ఎన్నింటికి రావాలో కూడా వాళ్ళే తేల్చారు.