హారన్ ముందు దగ్గు

మొన్న ఆఫీసులో భోజనాల వేళ, కొత్తగా చేరిన కిరణ్ తన ల్యాప్‌టాప్‌లో లారీ ఆట పెట్టాడు. హారన్ మోగింది. దానికి ముందు, ఆ ఆటలోనే, ఎవరో చిన్నగా దగ్గారు. కిరణ్ దాన్ని పట్టించుకోలేదు. నా చేతిలో ముద్ద మాత్రం అక్కడే ఆగిపోయింది. ఆ దగ్గు మా నాన్నది. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆయనతోపాటే ప్రసాద్ గారూ గుర్తొచ్చారు. 

గవర్నర్‌పేటలో ఒక మేడమీది కంప్యూటర్ సెంటర్లో ప్రసాద్ గారు మాకు పాఠాలు చెప్పేవారు. ఆ ఆటలోకి మన ఊరి లారీలు తయారుచేసి ఎక్కించడం ఆయన పిచ్చి, అది నాకూ అంటించారు. ఆటలో ప్రతి లారీకీ ఒక స్క్రిప్ట్ ఫైలు ఉంటుంది. బరువెంత, గేర్లెన్ని, ఏ హారన్ మోగాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. అది మారిస్తే లారీ మారుతుంది. మొదటిసారి నేను ఉత్సాహం కొద్దీ నాలుగు లైన్లు ఒకేసారి మార్చేశాను. లారీ రోడ్డు మీద తలకిందులైపోయింది.

"మార్చే ముందు కాపీ తీశావా?" అన్నారు ప్రసాద్ గారు.

"లేదండీ."

"పోనీ, ఏ లైను తప్పో చెప్పు."

నాలుగూ చూపించాను. ఆయన తిట్టలేదు. తన దగ్గరున్న పాత ఫైలు పెట్టి, ఒక్క లైను మార్చి ఆట నడిపి చూడటం, ఆ తర్వాతే రెండోదాని జోలికి పోవడం నేర్పారు. ఫైలు పైన ఎవరు ఏం చేశారో రాసే అలవాటూ ఆయనదే. ముందు రెండు గీతలు పెడితే ఆ లైనును ఆట వదిలేస్తుంది. "ఆట చదవదు గానీ రఫీ, మనుషులు చదువుతారు. ఎవరి పని వాళ్ళ పేరునే ఉండాలి" అనేవారు. అన్నది ఆ నోరే.

మా నాన్న మస్తాన్ ఆటోనగర్‌లో లారీలకు వైరింగ్ చేసేవాడు. ఆటలో నేను సొంతంగా చేస్తున్న లారీకి హారన్ రికార్డు చేయడానికి ప్రసాద్ గారిని షెడ్డుకు తీసుకెళితే, రికార్డయ్యేది హారన్ శబ్దమే, మనిషి కనపడడని తెలిసి కూడా నాన్న ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. నొక్కబోయే ముందు ఒకసారి దగ్గాడు. తర్వాత నేను దాన్ని కత్తిరించబోతే, "ఉంచు, షెడ్డు షెడ్డులాగే వినపడనీ" అన్నారు ప్రసాద్ గారు. ఎనిమిది నెలలు కూర్చుని ఆ లారీ పూర్తిచేశాను. సరిచూసి నెట్‌లో తనే పెడతానంటే పెన్‌డ్రైవ్ ఇచ్చేశాను. కాపీ తీయమని నేర్పిన మనిషికే కాపీ ఉంచుకోకుండా ఇచ్చాను. ఆయనకిస్తూ కాపీ ఉంచుకోవడమంటే ఆయన్ని అనుమానించడమేనని అప్పట్లో నా బుద్ధికి తోచింది.

నెట్‌లో ఫైలు తెరిచి చూస్తే పైన ఆయన పేరొక్కటే ఉంది. అప్పటికే ఆ లారీ చూసి, హైదరాబాద్ నుంచి ఆటలు తయారుచేసే కంపెనీ వాళ్ళు ఆయన్ని ఉద్యోగానికి పిలిచారు. పరిగెత్తుకెళ్ళాను.

"నా పేరు తీసేశారేంటండీ?"

ఆయన స్క్రీన్ వైపే చూస్తూ, "రెండు పేర్లుంటే ఎవరిని పిలవాలో వాళ్ళకి తెలియదు రఫీ. నీకింకా బోలెడు వయసుంది. తర్వాత పెడతాలే" అన్నారు.

పెట్టలేదు. ఆ ఉద్యోగంలో చేరి వెళ్ళిపోయారు. లారీ నాదేనని చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఉద్యోగం సంగతి ఎలాగోలా దిగమింగాను. కానీ నేను ఆయన్ని అడిగొచ్చిన సాయంత్రం నాన్న, షెడ్డులో అందరికీ చెప్పుకున్నవాడు, "మన పేరు వేశారంట్రా?" అని అడిగాడు. "వేశారు నాన్నా" అన్నాను. నాన్న చివరిదాకా అదే నమ్ముతూ పోయాడు. ఆ అబద్ధం నా చేత ఆడించినందుకు ప్రసాద్ గారిని నేను క్షమించలేదు.

నిన్న కిరణ్ దగ్గర ఆ ఫైలు తెచ్చుకుని ఇంట్లో తెరిచాను. ఏం చేస్తున్నానో తెలిసేలోపే నా చెయ్యి కాపీ తీసేసింది. ఎవరి మీద ఇంత కోపమో, ఆయన నేర్పిన చెయ్యే అది. ఆయన పేరు చెరపలేదు. దాని కింద రెండు గీతలు పెట్టి, "హారన్: మస్తాన్, ఆటోనగర్" అని రాశాను. ఒక్క లైనే మార్చాను. ఆట నడిపి హారన్ నొక్కాను. నాన్న దగ్గాడు. ఆ దగ్గు ఎన్ని కంప్యూటర్లలో వినపడుతోందో నాకు తెలియదు, ఆ పేరు మాత్రం నా ఒక్కడి కంప్యూటర్లోనే ఉంది.