బావోగెన్ బాబాయి బొత్తాలు

మా సందులో వసంతం పంచాంగాన్ని బట్టి రాదు. బావోగెన్ బాబాయి తన దూది కోటు ఆఖరి బొత్తాం విప్పిన రోజున వస్తుంది. అంతవరకు పీచ్‌పండు చెట్లు పూసినా, కాలవలో కప్పలు అరిచినా, పిల్లల వీపుల మీద చెమటకాయలు లేచినా అది చలికాలమే. వసంతంలో బొత్తాం విప్పుకున్న మనిషి కంటపడితే ఆయన ప్రాణం ఆగదు. ఇల్లు అంటుకుందన్నా అంత పరుగు తీయడు.

"పెట్టుకో! పెట్టుకో! గాలి వంద రోగాలకు పెద్దన్నయ్య!" అని అరుచుకుంటూ వచ్చి, ఎదుటివాడు ఎవరైనా సరే, బొత్తాం తనే పెట్టేస్తాడు. ఒకసారి ఊళ్ళోకి వచ్చిన పన్నుల అధికారికి కూడా పెట్టేశాడు. అధికారి భయపడి చేతులు పైకెత్తాడట.

ఇంతకీ బాబాయి వైద్యుడా అంటే, కాదు. ధాన్యం గిడ్డంగిలో నలభై ఏళ్ళు తూకం వేసినవాడు. ఇరవై ఏళ్ళ కిందట ఒక వసంతంలో టోపీ లేకుండా గట్టు మీదికి వెళ్ళి మూడు రోజులు తుమ్మాడు. ఆ మూడు రోజుల తుమ్ములకు ఇరవై ఏళ్ళుగా మేము ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నాం. వైద్యం రావాలంటే గురువు కావాలంటారు. బాబాయికి ఒక జలుబు, అట్ట ఊడిపోయిన ఒక పాత పుస్తకం సరిపోయాయి.

ఆ పుస్తకం ప్రకారం వసంతం కాలేయానిది, కాలేయం కోపానిది. కనుక వసంతంలో ఎవరూ కోప్పడకూడదు. ఎవరైనా గొంతు పెంచితే బాబాయి చప్పుడు లేకుండా వచ్చి, కాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య పైన ఉండే గుంటలో చేతికర్ర మొనతో నొక్కుతాడు. కాలేయం తాళంచెవి అక్కడుందట.

"కోపం దిగిందా?"

"నా కాలు విరిగింది బాబాయ్!"

"అదే మరి. పైనుంచి కిందికి దిగుతోంది."

కాలేయానికి పులుపు పడదు, తీపి పెంచాలి అని ఇంకో సూత్రం. మా మంగలి జిన్‌ఫా ఇంట్లో మాంసం కుడుములు తింటుంటే బాబాయి లోపలికొచ్చి, ముంచుకునే వెనిగర్ గిన్నె ఎత్తుకుపోయి దాని స్థానంలో నాలుగు ఎండు రేగుపళ్ళు పెట్టి వెళ్ళాడు. జిన్‌ఫా నెల రోజులు కనిపించినవాడికల్లా చెప్పుకున్నాడు. "కుడుములు రేగుపళ్ళలో ముంచుకోమన్నాడయ్యా! నేను మనిషినా మేకనా?"

నేను నెలకు రెండుసార్లు గ్వాన్‌యిన్ అమ్మవారి గుడికి వెళతాను. ఎవరినీ తూలనాడకూడదని మొక్కు. బాబాయి విషయంలో ఆ మొక్కు ఏటా వసంతారంభం నాడే తప్పేది. అమ్మవారికి చెవులు చాలా ఉన్నాయి గనుక అన్నీ వినే ఉంటుంది.

ఇక యూన్‌షియన్ సంగతి చెప్పాలి. సందు మొగలో టోఫు అమ్మేది. ఆమె టోఫు చేతిలో పట్టుకుంటే నవ్వుతున్నట్టు కదులుతుంది. పోయిన శరత్తులో ఆమెకు జిల్లా ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ఒక రొమ్ము తీసేశారు. జబ్బు పోయింది, మనిషి ఇంటికొచ్చింది, తలుపు మూసుకుంది. సోయా గింజలు విసిరే తిరగలి ఆగిపోయింది. మేమంతా బజారు టోఫు తిన్నాం. అది తినడమంటే గోడ సున్నం నాకడమే.

నేను రోజూ గంజి పట్టుకెళ్ళేదాన్ని. "బయటికి రావే, గాలి పీల్చుకో," అంటే తల అడ్డంగా ఊపేది.

"జనం నా మొహం చూడరక్కా. మొహం కిందికి చూస్తారు."

గంజి చల్లారుతోందని మాత్రం అన్నాను.

కొత్త సంవత్సరం దాటాక, ఎముకలు కొరికే చలిలో ఒకనాటి పొద్దున్నే తిరగలి చప్పుడు వినబడింది. వెళ్ళి చూద్దును కదా, ఎర్ర పువ్వుల దూది కోటు గొంతుదాకా బిగించుకుని యూన్‌షియన్ బల్ల ముందు నిలబడి ఉంది.

"దూది కోటులో అందరూ బస్తాలే కదక్కా," అంది. "నేనూ ఒక బస్తాని. ఎండలు వచ్చేదాకా అమ్ముతాను. తర్వాత సంగతి నన్నడగకు."

ఆ రోజునుంచి మబ్బు పట్టిన ఉదయమల్లా అమ్మవారికి ఒక అగరొత్తు ఎక్కువ వెలిగించాను. ఎండ వస్తే ఆ తలుపు మళ్ళీ పడుతుంది. ఈసారి పడితే తెరుచుకోదని నా భయం.

ఎండ రానే వచ్చింది. ఏటా బాబాయి గడువు పితృదేవతల సమాధులు ఊడ్చే చింగ్‌మింగ్ పండుగ దాకానే. ఆ రోజు సమాధుల దగ్గర దండం పెట్టి, ఆకుపచ్చ పిండి ఉండలు తిని, ఆయన బొత్తాలు విప్పుతాడు, మేమూ విప్పుతాం. ఈ ఏడు ఉండలు తిన్నాడు, మూతి తుడుచుకున్నాడు, బొత్తాం మీద చెయ్యి వేశాడు. మేమందరం చేతులు బొత్తాల మీదికి తెచ్చుకున్నాం. ఆయన పైది ఇంకాస్త బిగించాడు.

"ఈ ఏడు గాలి తిరకాసుగా ఉంది. ఇంకో పదిహేను రోజులు."

"బాబాయ్, కోడిగుడ్డు జేబులో పెట్టుకుంటే పిల్ల అయ్యేట్టుందయ్యా!" అన్నాడు జిన్‌ఫా.

"పిల్లకి కూడా చెప్పు, ఈకలు విప్పొద్దని."

పదిహేను రోజులయ్యాక ఇంకో పదిహేనన్నాడు. ఆయన మాత్రం ఒకటి మీద ఒకటి రెండు కోట్లు వేసుకుని, ఉడికిన పీతలా ఎర్రబడి, సందులో పహరా తిరుగుతున్నాడు. చెప్పినట్టు చేయకపోతే కర్ర మొన కాలి వేళ్ళ మధ్య దిగుతుంది. గుడిలో సన్యాసినులు నన్ను చూసి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. చెమటకాయలతో సగం, కోపంతో సగం.

తిన్నగా బాబాయి ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య అజెన్ పిన్ని విసనకర్రతో విసురుకుంటోంది, కోటులోనే.

"పిన్నీ, ఆ పుస్తకం ఒక్కసారి ఇవ్వు."

"ఉంచేసుకో తల్లీ. పొయ్యిలో పెట్టుకుంటానన్నా ఇస్తాను."

పల్లె బడిలో నేర్చిన నాలుగు అక్షరాలు ఆ రోజు పనికొచ్చాయి. మూడో పేజీలోనే దొరికింది: చింగ్‌మింగ్ దాటి వేడి ముదిరాక ఒక్కొక్కటిగా బట్టలు తగ్గించుకోవాలి, చెమట కారేలా కప్పుకోవడం ఒంటికి చెరుపు. ఉన్నది ఉన్నట్టు నల్లగా అచ్చయి ఉంది!

పుస్తకం ఊపుకుంటూ టోఫు బల్ల దగ్గరికి వెళ్ళాను. పొద్దుటి పూట సందంతా అక్కడే ఉంటుంది. బాబాయీ ఉన్నాడు.

"అందరూ వినండి! ఈయన మనల్ని ఆవిరి మీద పెట్టిందంతా అబద్ధం. ఈయన పుస్తకమే చెబుతోంది!"

"చదువక్కా, గట్టిగా చదువు!" జిన్‌ఫా అప్పుడే మొదటి బొత్తాం విప్పేశాడు. "నీ చేతికి బంగారు కడియం తొడుగుతా!"

బాబాయి ఎప్పటిలా అరుస్తాడనుకున్నాను. అరవలేదు. కర్ర ఎత్తలేదు. "అచ్చుతప్పు... అచ్చుతప్పు అయ్యుంటుంది," అని గొణిగాడు. ఆయన చూపు నా మీద లేదు, పుస్తకం మీద లేదు. ఆ చూపు వెంబడే నేనూ చూశాను.

యూన్‌షియన్ కత్తి టోఫులో సగం దిగి ఆగిపోయి ఉంది. ఎడం చెయ్యి కోటు పై బొత్తాం దగ్గర పిడికిలి బిగుసుకుంది. మరో చేత్తో, అమ్మకం ముగిసినట్టు, తడిగుడ్డ తీసి టోఫు మీద కప్పబోతోంది.

నాకు తెలివి ఎప్పుడూ ఒక వీధి వెనకగా నడిచొస్తుంది. ఆ రోజు పరిగెత్తుకొచ్చింది.

"చదవవేం అక్కా?" జిన్‌ఫా తొందరపెట్టాడు.

"చదువుతున్నాగా! 'చింగ్‌మింగ్ దాటాక,'" అన్నాను, పుస్తకం ముక్కుకు ఆనించుకుని, "'దాటాక కూడా తొందరపడి కోటు విప్పినవాడి కాలేయం చెడి, జుట్టు రాలి, అత్తగారితో తగువు పడును.'"

విప్పబోతున్న చేతులు బొత్తాల మీదే ఆగాయి.

"అత్తగారి సంగతి కూడా రాశారా?" అన్నాడు జిన్‌ఫా.

"చిన్న అక్షరాల్లో ఉంది."

జిన్‌ఫా అత్తగారు వాడి ఇంట్లోనే ఉంటుంది. వాడు బొత్తాం పెట్టేసుకున్నాడు. యూన్‌షియన్ గుడ్డ పక్కన పెట్టి, కత్తి కిందికి దించింది. "ఎవరికి ఎంత కావాలో చెప్పండి," అంది.

బాబాయి నాకు థాంక్స్ చెప్పలేదు. పక్కకు వచ్చి కర్ర మొనతో నా కాలి వేళ్ళ మధ్య మెల్లగా, చాలా మెల్లగా నొక్కాడు.

"నాకు కోపం లేదు బాబాయ్."

"తెలుసు. ఉన్నా లేకపోయినా ఒక నొక్కుడు మంచిదే."

గ్రీష్మం మొదలయ్యే రోజున మా వైపు మనుషుల్ని తూచే ఆనవాయితీ. బాబాయి వసారా దూలానికి గిడ్డంగి నాటి పెద్ద తూనికకోల వేలాడదీస్తారు. దాని కొక్కేనికి బుట్ట. అందులో కూర్చున్నవాళ్ళ బరువు ఆయనే చూస్తాడు. తూకం రాయిని కాడ మీద ముందుకే జరపాలి, వెనక్కి జరిపితే ఆయుష్షు తగ్గుతుందంటారు. ఈ ఏడు సందంతా దూది కోట్లతో, ఆవిరి కుడుముల్లా పొగలు కక్కుతూ వరసలో నిలబడ్డాం.

యూన్‌షియన్ వంతు వచ్చింది.

"కోటుతోనే కూర్చోమ్మా," అన్నాడు బాబాయి గబగబా. "ఇవాళ గాలి..."

"నలభై ఏళ్ళు తూకం వేశారు బాబాయ్. ఎప్పుడైనా గోనెతో కలిపి ధాన్యం తూచారా?"

బొత్తాలు ఒక్కొక్కటీ తనే విప్పుకుంది. కోటు నా చేతికిచ్చింది. లోపల పల్చటి నీలం చొక్కా, ఒక పక్క చదునుగా. చూశాం. చూడలేదని అబద్ధమాడను.

అంతలో వెనకనుంచి జిన్‌ఫా ఏడుపు గొంతుతో అరిచాడు. "ఆవిడ విప్పేసింది! ఇక మేమూ విప్పొచ్చా? అత్తగారు ఏమైనా అననీ!"

ఎవరు ముందో తెలియదు, కోట్లన్నీ ఒక్కసారి గాల్లోకి లేచాయి. మూడు నెలల చెమట వాసనకు బాబాయి కుక్క లేచి పొలాల్లోకి పోయింది. యూన్‌షియన్ బుట్టలో కూర్చుని ఊగుతూ నవ్వింది. ఆమె టోఫులాగే.

బాబాయి రాయి ముందుకు జరిపాడు. ఇంకా జరిపాడు. "పోయినేటికన్నా నాలుగు కిలోలు ఎక్కువ!"

"దొంగ తూకం బాబాయ్."

"నలభై ఏళ్ళలో ఒక్కటి," అన్నాడు ఆయన, కళ్ళు కాడ మీదే ఉంచి.

ఆ సాయంత్రం అజెన్ పిన్ని బలవంతాన లాగి ఆయన రెండు కోట్లూ ఊడబీకింది. మర్నాడు సందులో ఒక్కరికే జలుబు చేసింది.

టోఫు బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, ముక్కు ఎర్రగా, ప్రపంచాన్ని గెలిచినట్టు ఉన్నాడు. ఒంటిమీద యూన్‌షియన్ ఎర్ర పువ్వుల కోటు. ఆమే కప్పి గొంతుదాకా బొత్తాలు పెట్టింది. ఆయన తుమ్ముకూ తుమ్ముకూ మధ్య దారినపోయే వాళ్ళందరినీ పిలిచి చెబుతున్నాడు.

"నేను ముందే చెప్పానా లేదా? గాలి వంద రోగాలకు... హాఛ్... పెద్దన్నయ్య!"