పేనుకొరుకుడు కాదు

నలభై ఏళ్ళకు పైగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేదు, కక్కలేదు. ఇవాళ మీ ముందు కక్కుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి. పేరు చెబితే మీరు మా తాతగారి దివాణం సంగతి ఎత్తుతారు. అది ఎత్తితే నేను మళ్ళీ నిటారుగా కూర్చుంటాను. నిటారుగా కూర్చున్నప్పుడు నేను నిజం చెప్పలేను.

మాది బరంపురం వైపు, దిగపహండి దగ్గర ఊరు. ఎస్టేటు పోయింది. నా చేతికొచ్చేసరికి మిగిలినవి పైకప్పు కారే నాలుగు గదులు, కాస్త పొలం, ఎవరి ముందూ మెడ వంచకూడదనే అలవాటు. ఇంట్లో అమ్మ, నేను, చెల్లెలు జయ. నాకు ఇరవై ఆరు, తనకి పంతొమ్మిది. బరంపురంలో నర్సు చదువుకి జయకి సీటు వచ్చింది. అమ్మ సరేనంది. మా ఇంటి పిల్ల ఎవరెవరి మలమూత్రాలో ఎత్తడమా? పైకి అనలేదు గాని, లోపల రోజూ అదే అనుకునేవాణ్ణి.

మా వైపు ఆడవాళ్ళు దువ్వెనకొచ్చిన చిక్కు వెంట్రుకలు పారెయ్యరు. ఉండ చుట్టి గోడ సందులో దాస్తారు. సవరాలవాడు గంప నెత్తిన పెట్టుకుని వచ్చి, అవి తీసుకుని స్టీలు గిన్నెలు ఇస్తాడు. అందరిళ్ళలోనూ ఉన్నదే. మా ఇంట్లో మాత్రం అమ్మ వాటితో తన సవరమే కట్టించుకునేది గాని బయటివాడికి ఇచ్చింది లేదు.

ఆ రోజు అమ్మ పొలసరలో మేనమామ ఇంటికి వెళ్ళింది. నేను పొలం నుంచి వచ్చేసరికి మా గుమ్మం ముందు సవరాలవాడు గొంతుక్కూర్చుని ఉన్నాడు. జయ ఉండ చేతికిస్తోంది. వాడు దాన్ని విప్పి, వెలుగులో ఎత్తి పట్టుకున్నాడు.

“అబ్బో, ఎంత పొడుగో సూడు! దివాణం సరుకు మరి!”

“మరైతే గిన్ని పెద్దదియ్యి మావా. దివాణాన్ని సిన్న గిన్నికి కొనీగల్వేటి?” అని జయ నవ్వింది.

గంపను తన్నాను. గిన్నెలు దొర్లుకుంటూ కాలవలో పడ్డాయి. వాణ్ణి దవడ మీద కొట్టాను. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు. ఎదురు తిరగలేదు, గంప కూడా వదిలేసి పోయాడు. అప్పుడు జయ జడ పట్టుకున్నాను. పిడికిలికి రెండు చుట్లు చుట్టాను. లోపలికి ఈడ్చాను. గడప తగిలి జయ మోకాళ్ళ మీద పడింది. తను పడింది, నా చెయ్యి ఆగలేదు. తడి నేలలోంచి గడ్డి పీకితే ఒక చప్పుడు వస్తుంది చూడండి. అదే చప్పుడు. చేతిలోకి ఒక కుచ్చు వచ్చింది. కొసల్లో తెల్లటి చిన్న బుడిపెలు. కొన్నిటికి నెత్తురు.

అది చూశాక నేను ఆగానా? లేదు. మిగిలిన జడ పట్టుకుని వంటింటి దాకా ఈడ్చాను. కోపంలో కళ్ళు కనబడలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. బాగానే కనబడ్డాయి. బుడిపెలు కూడా కనబడ్డాయని ఇప్పుడే చెప్పాను గదా.

మూడో రోజు అమ్మ వచ్చింది. చెవి పైన బోడిగా ఉన్నచోటు చూసి “ఏటే ఇది?” అంది. జయ నోరు తెరిచేలోపు నేనన్నాను, “పేనుకొరుకుడు” అని. కంటికి కనబడని పురుగేదో కుదుళ్ళు కొరికితే జుట్టు అలా బిళ్ళలా ఊడుతుందని మా వాళ్ళ నమ్మకం. జయ నా వైపు చూసింది. తల దించుకుంది.

దానికి మందు ఉంది. అదే మా ఖర్మ. చాకళ్ళు బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడి గింజ కాల్చి, ఆ రసం రాస్తారు. మంట పుడితేనే జుట్టు పుడుతుందంటారు. నాటు వైద్యుణ్ణి పిలిచింది అమ్మే. జయ రెండు చేతులూ కదలకుండా పట్టుకున్నది నేను. మూడు రోజులు పట్టుకున్నాను. తను అరిచింది. బొబ్బలెక్కింది, రసి కారింది, పక్కు కట్టింది. పక్కు రాలాక అక్కడ నున్నటి తోలు మిగిలింది. మొదటి రోజు “వద్దు, ఇది పీకింది” అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

నర్సు చదువుకి చేరే ముందు ఒంటి పరీక్ష. తల చూసి, అంటురోగం కాదని చర్మ వైద్యుడి దగ్గర ఉత్తరం తెమ్మన్నారు. వారం గడువు. బస్సులో బరంపురం తీసుకెళ్ళాను. డాక్టరు గారు శ్రీకాకుళం వైపు తెలుగాయన. నల్లజీడి రాసిన సంగతి విని, భూతద్దం పెట్టి చూశారు.

“మనకి కనపడే ఎంట్రుక ఎప్పుడూ సచ్చిందేనయ్యా. అందుకే కత్తిరిస్తే నొప్పెట్టదు. బతికుండేది తోలు కిందున్న కుదురు. నెత్తురు దానికే అందుతాది. కుదురు బాగుంటే ఊడినా, పీకినా కొన్ని నెలల్లో మళ్ళీ మొలుస్తాది. పేనుకొరుకుడు కూడా శానామందికి దానంతటదే నయమైపోతాది. మీరు మందని సెప్పి కుదురే కాల్చీసారు. ఇంక ఇక్కడ మొలవదు.”

కలం తీశారు. “మందు రాయకముందు ఎలా పోయింది? ఊడిందా, ఎవరైనా పీకారా? ఊడిందంటే తల తామరేమో, అంటుకుంటాది. ఆర్నెల్లు సూడకుండా ఉత్తరం ఇవ్వలేను. పీకిందంటే సెప్పండి, ఇప్పుడే రాసిస్తాను.”

“అన్నయ్యని అడగండి. అప్పుడు అన్నయ్యే ఉన్నాడు,” అంది జయ.

తను నన్ను ఇరికించలేదు. నాకు దారి ఇచ్చింది. ఆ సంగతి ఆ క్షణంలోనే నాకు తెలుసు.

“దానంతట అదే ఊడింది,” అన్నాను.

డాక్టరు గారు కలం మూసేశారు. సీటు ఇంకెవరికో పోయింది.

ఎందుకన్నాను? ఆడదాన్ని జుట్టు పట్టి ఈడ్చిన ఇల్లని ఒక పరాయివాడు అనుకుంటాడని భయపడ్డానా? చాలాకాలం అదే అనుకున్నాను, ఎందుకంటే పరువు కోసం అన్నాననుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది. కానీ జయ వెళ్ళకూడదని నాకు ఉంది. ఆ మాటతో అది జరిగిపోయింది. తిరుగు బస్సులో నాకు తేలిగ్గా కూడా అనిపించింది. ఇది నేను ఇప్పటిదాకా నాకు నేను కూడా చెప్పుకోలేదు.

దువ్వెనకొచ్చేవి ఆయువు తీరిన వెంట్రుకలు. ఎవరి తలలోనైనా రోజూ కొన్ని రాలతాయి, అదే కుదుట్లోంచి కొత్తది పైకొస్తుంది. ఆ రాలిపోయినవాటిలో నేను వంశం పరువు చూశాను. దాని కోసం బతికున్నవి పీకాను. పీకితే మళ్ళీ మొలిచేవి. నా అబద్ధం వాటిని మొలవనివ్వలేదు.

జయ ఇప్పుడూ ఈ ఇంట్లోనే ఉంది. జాకెట్లు కుడుతుంది. జుట్టు నెరిసి పల్చబడ్డాక ఆ బిళ్ళ దాగడం లేదు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు అడుగుతారు. “సిన్నప్పుడు పేనుకొరుకుడు” అంటుంది, దారం కొరుకుతూ. నేను పక్క గదిలో ఉన్నా అదే మాట, లేకపోయినా అదే మాట. నేనాడిన అబద్ధాన్ని నా బదులు తను ఆడుతూ ముసలిదైపోయింది.

క్షమించమని అడగను. అడిగితే తను మళ్ళీ నాకేదో ఇవ్వాల్సి వస్తుంది. ఇచ్చింది చాలు.

ఊడలేదు. నేను పీకాను. తరవాత చేతులు పట్టుకుని కాల్పించాను. ఈ మూడు ముక్కలు రాయడానికి పొద్దుటి నుంచీ పట్టింది. తప్పు తగ్గలేదు, తగ్గదు. గొంతు మాత్రం ఖాళీ అయింది.