చివర అంటించిన సవరణ

కరోనా తగ్గిన ఏడాది, ఆత్మకూరు కోర్టులో ప్రాక్టీసు మానుకున్నాక, వీడియో గేముల చట్టాల మీద నడిచే ఒక తెలుగు బ్లాగుకి నన్ను సంపాదకుడిగా నియమించారు. నా మాట కోసం రాష్ట్రమంతా కాచుకుని ఉండాదని మా వీధిలో చెప్పుకున్నాను. అంత లేదు. బ్లాగు నా పాత జూనియర్ సరళది. చెల్లాచెదురుగా పడున్న వ్యాసాలను అంశాలవారీగా సర్దిపెట్టమంది, అంతే. నేను జన్మలో ఒక్క గేమూ ఆడి ఎరగను.

"ఆడక్కర్లేదు సార్, కోర్టు ఫైలు కట్టినట్టు కట్టండి చాలు" అనింది.

అట్లాగే కట్టినాను. మా చట్టం పుస్తకాల్లో అసలు సెక్షను ముందు ఉంటుంది. తర్వాత వచ్చిన సవరణను చీటీగా చివరి అట్టకి అంటిస్తాం. వకీలన్నవాడు ముందు ఆ అట్టే తిప్పుతాడు. ఫోన్లో పందెం కట్టి ఆడే రమ్మీ నేరం కాదన్న పాత వ్యాసాన్ని బ్లాగులో పైన పెట్టినాను. మన రాష్ట్రం దాన్ని నిషేధించిందన్న వ్యాసాన్ని ఆ వరసలో అట్టడుగున చేర్చినాను.

ఉదయగిరిలో సెల్‌ఫోన్ల అంగడి నడిపే వెంకటేశ్వర్లు ఆ పై వ్యాసం చదివి, వెనకగదిలో ఫోన్లు పెట్టి జనం చేత ఆడించినాడు. పోలీసులు పట్టుకున్నారు. బెయిలు కోసం సరళనే పెట్టుకున్నాడు. ఆరోజు జడ్జిగారి ముందు నేనే గంటసేపు వాదించినానని చెప్పుకుంటుంటా. అబద్ధం. కోటు కూడా వేసుకోలేదు, వెనక బెంచీలో ఉండినాను. బ్లాగు చూసి చేసినానంటే కోర్టు ఒప్పుకోదు. రిమాండుకి పంపినారు.

వరండాలో అతని దగ్గరికి పోయి, ఆ వ్యాసాలు సర్దింది నేనేనని చెప్పినాను.

"ఏంది సార్ ఇది? తప్పు కాదని మీరే పెట్టుంటిరే!"

"కిందికంటా చదవాల్సింది, నాయనా."

"పైనే తేల్చి చెప్పినాక కిందికి ఎవుడు పోతాడు సార్?"

"పద పద, లోపల తీరిగ్గా చదువుకుందువు" అని కానిస్టేబులు చెయ్యి పట్టి లాగినాడు.

బెయిలు వచ్చేసరికి అంగడి గదిని దాని ఓనరు వేరేవాళ్లకి ఇచ్చేసినాడు. వెంకటేశ్వర్లు ఇప్పుడు దుత్తలూరులో బావమరిది కొట్టులో బియ్యం తూస్తున్నాడు.

కోర్టు ఫైలు చదివేది వకీలు. బ్లాగు తెరిచేవాడికి మొదట కనిపించిందే చట్టం. పాత చట్టం మారిన సంగతి మొదటి వాక్యంలో చెప్పకపోతే, చెప్పనట్టే లెక్క.