తలుపు కొట్టే ఆవిడ

ఆఫ్రికా దక్షిణాన తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త జెండా ఎగిరిన తొలి రోజుల్లో, సిడెన్‌హామ్ పేటలో మా ఇంటి ఓనరమ్మ భర్త పోయి ఒంటరిగా ఉండేది. అయినా సొంతింట్లో ఏ గదిలోకి వెళ్ళాలన్నా తలుపు కొట్టి, కాసేపు ఆగేది.

అప్పట్లో ఆవిడ చర్చిలో ఒక సస్పెన్స్ నవల చేతులు మారింది. మొగుడు ఇంట్లోనే దాచిన రహస్యం భార్యకి చివర్లో గానీ తెలియదు. ఆదివారం టీ దగ్గర కొందరు భయమేసిందన్నారు. కొందరు పెదవి విరిచారు.

"అన్నేళ్ళు కాపురం చేసి తెలీకపోవడమేంటి, నాన్సెన్స్," అని ఇంగ్లీషులో నవ్వుకున్నారు.

ఓనరమ్మ నావైపు వంగి, అక్కడ ఇంకెవరికీ అర్థంకాని తెలుగులో మెల్లిగా అంది: "దానికి తెలుసమ్మా. అందుకేగా తలుపు కొట్టి లోనికి పోయేది."

నవల మళ్ళీ చదివాను. అందులో భార్య ఎక్కడా తలుపు కొట్టదు.