రూల్సు వర్తించని మేడ

డ్రైక్లీనింగ్ షాపు పెద్దాయనకి రెండు విషయాల్లో మహా గర్వం. ఒకటి, ఎంత మొండి మరకనైనా వదలగొట్టగలగడం. రెండోది, తన మేడకి ఏ రూలూ వర్తించకపోవడం. మొదటిదాని గురించి అడిగితే చెప్పేవాడు. రెండోదాని గురించి అడక్కపోయినా చెప్పేవాడు.

మేడ తండ్రి కట్టించింది. కింద ఉతికే మిషన్లు, ఇస్త్రీ బల్లలు. పైన ఒకే గది, అందులో ఆయన అక్క కుట్టుమిషన్. షాపుకొచ్చిన బట్టలకి జిప్పులు మార్చడం, అంచులు మడిచి కుట్టడం ఆవిడ పని. భర్త పోయాక ఆవిడకి బతుకుతెరువు, కాలక్షేపం, సామ్రాజ్యం అన్నీ ఆ గదే. పైకి వెళ్ళడానికి ఇరుకు చెక్కమెట్లు ఒక్కటే దారి. ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సిందే కాబట్టి, దిగేవాళ్ళు "దిగుతున్నా" అని కేకేసి మరీ దిగేవారు.

తనిఖీకొచ్చిన మున్సిపాలిటీ వాళ్ళు రెండో వైపు మెట్లేవని అడిగితే, పెద్దాయన కాలు మీద కాలేసుకుని, "ఈ మేడ మీ రూల్సు కంటే ముందు పుట్టిందండీ" అనేవాడు. నిజమే, పాత కట్టడాలకి మినహాయింపుంది. వాళ్ళు 'మినహాయింపు' అని రాసుకుని వెళ్ళిపోయేవారు.

ఇన్సూరెన్సు ఏజెంటు చిన్నప్పటి స్నేహితుడు. పాలసీ రెన్యువల్‌కి వచ్చినప్పుడల్లా పాపం ఒకటే పాట పాడేవాడు.

"ఒరేయ్, రేపేదైనా అయి మళ్ళీ కట్టాల్సొస్తే కొత్త రూల్స్ ప్రకారమే కట్టాలి. ఆ పైఖర్చు కూడా ఇన్సూరెన్సే ఇచ్చేలా వేరే కవరుంది. ప్రీమియం కాస్త ఎక్కువ, అంతే."

"మా మేడకి రూల్సే వర్తించవంటే, రూల్స్ వల్ల ఖర్చేంట్రా నా మొహం. ఇంకెవరికైనా అంటగట్టు, పో."

ఇంత తెలివి ఒక్కడికే ధారపోసి దేవుడు మిగతా వీధికి అన్యాయం చేశాడు.

ఒక మధ్యాహ్నం బట్టలారబెట్టే మిషన్లో పేరుకున్న పీచు అంటుకుంది. ఆ వెంటనే అంటుకున్నవి చెక్కమెట్లే. పెద్దాయన కింద నిలబడి అక్కని పిలుస్తూ గొంతు చించుకున్నాడు. ఆవిడ కిటికీలోంచి పక్క షాపు రేకుల మీదికి దిగింది. రేకులు విరిగి కింద పడింది. ప్రాణం దక్కింది కానీ తుంటి ఎముక విరిగి, చేతికి కర్ర వచ్చింది.

నష్టం లెక్కకట్టడానికొచ్చిన ఇన్సూరెన్సు సర్వేయరు బహు మర్యాదస్తుడు. "మేడ ఎలా ఉండేదో అలా కట్టుకోవడానికి పూర్తిగా ఇస్తామండీ" అన్నాడు. పెద్దాయన ఎగిరి గంతేసి మున్సిపాలిటీకి వెళ్తే, అక్కడి ఇంజనీరు ఇంకా మర్యాదస్తుడు.

"ఎలా ఉండేదో అలా కడతానంటే పర్మిషన్ ఇవ్వలేమండీ. మినహాయింపు పాత మేడకి. అది కాలిపోయింది కదా."

వెడల్పాటి మెట్లు, రెండో వైపు ఇంకో వరస మెట్లు, పైకప్పు నిండా మంటొస్తే నీళ్ళు చిమ్మే పైపులు ఉండాలన్నాడు. ఆ ఖర్చంతా ఇమ్మని పెద్దాయన మళ్ళీ సర్వేయరు దగ్గరికి పరిగెత్తాడు.

"కాలిన మెట్లకి ఇస్తామండీ. లేని మెట్లు ఎలా కాలతాయి?" అన్నాడు సర్వేయరు, ఎంతో గౌరవంగా.

చెప్పులరిగేలా తిరిగాక పెద్దాయనకి మరో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మేడే లేకపోతే మెట్లెందుకు? కింది అంతస్తు మాత్రం కడితే వచ్చిన డబ్బు సరిపోతుంది. ఆ సాయంత్రం వెనకవీధిలోని తమ సొంతింట్లో అక్కకి ఈ సంగతి చెప్పాడు. ఆవిడ మంచం మీద కూర్చుని చేత్తో బొత్తాలు కుడుతోంది.

"మరి నా గది?"

"ఏం చెయ్యమంటావే అక్కా? రెండో మెట్లట, రెండో మెట్లు. ఇన్నేళ్ళలో ఎవరికైనా అవసరం పడ్డాయా? అసలు వాటి మీంచి దిగే మొనగాడెవడు, చెప్పు."

"నేను దిగేదాన్నిరా," అంది అక్క, దారం కొరుకుతూ. "ఆ రోజు."

పెద్దాయన మంచానికి ఆనించిన కర్ర వంక చూశాడు. తర్వాత బయటికి నడిచి, ప్లాను గీసేవాడికి ఫోన్ చేశాడు.

"మేడ తీసెయ్యకండి. రెండు వైపులా మెట్లు గీయండి."

"ఇన్సూరెన్సు వాళ్ళు ఒప్పుకున్నారాండీ?"

"లేదు. ఇల్లు అమ్మేస్తున్నా."