మాస్టారు చెప్పిన చివరి అధ్యాయం

నందిగామలో పాఠ్యపుస్తకాల దుకాణం ముందు నుంచి నడుస్తున్నప్పుడు, తొలకరి చెమ్మ పట్టిన కొత్త కాగితం, జిగురు కలిసిన వాసన నన్ను అక్కడే నిలబెట్టేస్తుంది. ఉపవాచకం ఉందా అని అలవాటుగా అడుగుతాను. గైడ్లున్నాయంటాడు దుకాణదారు.

జగ్గయ్యపేటలో మా పదో తరగతి నాటికి ఉపవాచకమంటే నవల. తరగతి మొత్తానికి ఒకటే ప్రతి, అదీ తెలుగు మాస్టారి దగ్గర ఉండేది. శనివారం ఆఖరి పీరియడులో, కిటికీలోంచి మిరప కళ్లాల ఘాటు వస్తూ ఉండగా, మేము జేబుల్లోని రేగుపళ్లను చప్పుడు కాకుండా చప్పరిస్తూ వినేవాళ్లం. ఆయన పాత్రకొక గొంతు చొప్పున చదివేవారు. నవలలోని పడవవాడి కూతురికి మాత్రం తన కూతురు పద్మ గొంతునే అరువు తెచ్చుకునేవారు. ఎనిమిదో తరగతి చదివే పద్మ ఆ సంగతి తెలిసి, మా గది దాటేటప్పుడు సిగ్గుతో పరుగెత్తేది.

ఆ కార్తీకంలో ముక్త్యాల రేవులో స్నానానికి దిగిన పద్మ మళ్లీ పైకి రాలేదు.

నెల తిరిగాక మాస్టారు బడికి వచ్చి, ఆపిన చోటి నుంచే, అదే నిదానంతో చదివారు. పడవవాడి కూతురు మాట్లాడినప్పుడల్లా ఆ గొంతూ వచ్చేది. మాలో ఎవరూ తలెత్తేవారు కాదు. చివరి అధ్యాయం రాగానే ఆయన పుస్తకం మూసేశారు.

"వరద తీసింది. పిల్ల గట్టెక్కింది. రాసుకోండి."

మస్తాన్ లేచాడు. తెలుగు తప్పితే లారీ ఎక్కిస్తానని వాళ్ల నాన్న అప్పటికే బెదిరించి ఉన్నాడు.

"అదేంటండీ! ఆ పిల్ల ఏట్లో పోద్దంటగా? పరీక్షలో అదే అడుగుతారని మా అన్న చెప్పాడండి."

"మీ అన్న తప్పిన సబ్జెక్టు ఏదిరా?"

"తెలుగేనండి."

తరగతి నవ్వబోయి ఆగిపోయింది.

"మరింకేం? కూర్చో. బతికింది."

పబ్లిక్ పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. నవల ముగింపును వివరించమన్నారు. అప్పటికి అసలు ముగింపు మాకందరికీ తెలుసు. హాలు బయట వేపచెట్టు నీడలో మాస్టారు నిలబడి ఉన్నారు.

"ఏం రాశార్రా?"

"బతికిందనే రాశానండి," అన్నాడు మస్తాన్.

"మేమూ అంతేనండి," అన్నాం వెనక నుంచి.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. దాన్ని మళ్లీ పెట్టుకోకుండానే ఎండలోకి నడిచిపోయారు.

మస్తాన్ ఆ ఏడు తెలుగు తప్పాడు. ఆ ఒక్క జవాబు వల్లనే అని చెప్పలేను. సిమెంటు లారీ మీద జీవితమంతా తిరిగినా, ఆ మాట ఒక్కసారీ ఎత్తలేదు.

నేను తెలుగు పంతులునయ్యాను. పాఠంలో ఉన్నదే రాయాలని, లేనిది రాస్తే సున్నా అని పిల్లలను శాసించాను. ఆ నియమం సరైనదేనని నేటికీ నా నమ్మకం. అయినా కార్తీకంలో ముక్త్యాల రేవుకు వెళ్తే, నీళ్లలోకి దిగిన ఆడపిల్లలందరూ మెట్లెక్కేదాకా అక్కడి నుంచి కదలలేను.

ఆ నవలను పాఠ్యప్రణాళిక నుంచి ఎప్పుడో తీసేశారు. శనివారపు చదువూ పోయింది. మాస్టారు పోయారు, నిరుడు మస్తానూ పోయాడు. మిగతా తరగతివాళ్లు ఎటు చెదిరిపోయారో తెలియదు. ఆ పిల్ల గట్టెక్కిందని తెలిసినవాళ్లలో, నాకు తెలిసినంతవరకు, నేనొక్కణ్ణే మిగిలాను.